మా ఇంట్లో నడిచింది, రాసుకోండి

మన గ్రూపులో ఎవరైనా అరిసెల కొలతలు పెట్టారనుకోండి. పది నిమిషాల్లో ముప్పై మెసేజీలు వచ్చేస్తాయి. "సూపర్ అక్కా", "నోరూరుతోంది", చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో ఒకావిడ మాత్రం ఇలా రాస్తుంది: "నిన్న చేశాను. స్టోర్‌లో కొన్న పొడి బియ్యప్పిండి కాదు, బియ్యం నానబెట్టి మిక్సీలో పట్టిన తడిపిండి. మాది కరెంటు పొయ్యి. పాకం కొంచెం ముదరనిచ్చాను. నూనెలో విచ్చుకుపోలేదు." మీరే చెప్పండి, రేపు పండక్కి అరిసెలు వండబోయే మనిషికి ఈ ముప్పైలో ఏ మెసేజీ పనికొస్తుంది?

ఈ నెల నేను రాస్తున్నది అలాంటి ఒక్క మెసేజీ గురించే. కాకపోతే వంట సంగతి కాదు, కంప్యూటర్ల సంగతి. మా ఇంటికి వచ్చిన వాళ్ళందరూ హాల్లో టీవీ పక్కన రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే పాత లాప్‌టాప్‌ని చూసి "ఇదేంటి, ఆపడం మర్చిపోయారా?" అని అడుగుతారు. మర్చిపోలేదండీ. అది పని చేస్తోంది. ఏం పనో చెప్తాను, కంప్యూటర్ చదువు లేని వాళ్ళు కూడా కంగారు పడకుండా చదవచ్చు.

డేటాబేస్ అంటే లెక్కలు రాసిపెట్టే పెద్ద చిట్టా పుస్తకం అనుకోండి. బ్యాంకు ఖాతాలు, ఆస్పత్రి రికార్డులు, బడి పిల్లల హాజరు, అన్నీ ఏదో ఒక డేటాబేస్‌లోనే ఉంటాయి. వాటిలో పోస్ట్‌గ్రెస్ అని ఒకటుంది, పూర్తి పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ప్రొఫెసర్ దగ్గర మొదలైన పరిశోధన అది. 1996లో ఇప్పుడున్న పేరు వచ్చింది. ఇది ఓపెన్ సోర్స్, అంటే లోపలి కోడ్ అంతా ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ప్రపంచం నలుమూలలా ఉన్న వాళ్ళు కలిసి రాస్తారు, ఏడాదికోసారి పెద్ద రిలీజ్ వస్తుంది. ఒక్కో రిలీజ్‌ని ఐదేళ్ళ పాటు సరిచేస్తూ ఉంటారు.

ఇక్కడే అసలు చిక్కు. కోడ్ ఒకటే, కానీ అది నడవాల్సిన మెషీన్లు వంద రకాలు. విండోస్ ఒక రకం, లైనక్స్ ఒక రకం, మ్యాక్ ఒక రకం. లోపలి చిప్ ఇంటెల్‌ది కావచ్చు, ఫోన్లలో ఉండే ఆర్మ్ కావచ్చు, పెద్ద ఆఫీసుల్లో ఉండే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కావచ్చు. కొన్ని చిప్‌లు ఒక అంకెను మెమరీలో ఎడమ నుంచి దాచుకుంటాయి, కొన్ని కుడి నుంచి. ఆపరేటింగ్ సిస్టమ్, చిప్, ఈ జోడీని ప్లాట్‌ఫామ్ అంటారు. అదే తడిపిండి, అదే బెల్లం అయినా కరెంటు పొయ్యి మీద ఒకలా, గ్యాసు మీద ఒకలా వస్తుంది కదా, అలాగే.

మరి కోడ్ రాసేవాళ్ళ దగ్గర ఇన్ని మెషీన్లు ఉంటాయా? ఉండవు. అందుకని 2000 తర్వాతి ఆ తొలి రిలీజుల రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. రిలీజ్ దగ్గర పడగానే వాడేవాళ్ళందరినీ అడిగేవాళ్ళు: "మీ దగ్గర ఏ మెషీన్ ఉందో దాని మీద దీన్ని కట్టి చూడండి, పరీక్షలు నడపండి, ఏమైందో రాయండి." అలా వచ్చిన రిపోర్టులన్నీ కలిపి రిలీజ్‌తో పాటు ఇచ్చే పుస్తకంలో ఒక పట్టికగా వేసేవాళ్ళు. ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ చిప్, ఏ వెర్షన్ మీద చూశారు, ఏ తేదీన చూశారు, ఎవరు చూశారు, ఏమైనా గమనిక ఉందా. వరుసకొక మనిషి పేరు. ఒక కాలంలో ఆ పట్టికలో పిల్లలు ఆడుకునే ప్లేస్టేషన్ 2 కూడా ఉండేది! ఎవరో దాని మీద లైనక్స్ వేసి, దాని మీద డేటాబేస్ కట్టి, నడిచిందని రాశారన్న మాట. విండోస్ మీద నేరుగా నడవడం అయితే 2005 జనవరిలో వచ్చిన 8.0 రిలీజ్‌తోనే మొదలైంది.

ఆ పట్టిక కింద ఇంకో చిన్న పట్టిక ఉండేది, సపోర్ట్ లేనివాటిది. దాని పైన రాసిన మాట నాకు చాలా ఇష్టం. ఇవి నడవవని తెలిసినవి, లేకపోతే ఇదివరకు నడిచినవి అనీ, ఎవరైనా కాస్త శ్రద్ధ పెడితే మళ్ళీ జాబితాలోకి రావచ్చనీ దాని అర్థం. అంటే కింది పట్టికలో పడ్డవన్నీ చెడిపోయినవి కావు. కొన్నిటి గురించి ఈసారి ఎవరూ చూసి చెప్పలేదు, అంతే.

ఇది నా మనసుకి ఎందుకు తగిలిందో చెప్పాలంటే కొంచెం నా సంగతి చెప్పాలి.

నేను 2009లో పెళ్ళయి అమెరికా వచ్చాను. అంతకు ముందు హైదరాబాద్‌లో మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేశాను. ఇక్కడికి హెచ్-4 మీద వచ్చాను. మనలో సగం మందికి ఆ అక్షరాల అర్థం విప్పి చెప్పక్కర్లేదు. ఉద్యోగం చేయకూడదు. వీసా కాగితం మీద డిపెండెంట్. ఇంటి లీజులో రెండో పేరు, కరెంటు బిల్లులో అసలు పేరే లేదు. అమ్మ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావే రోజంతా?" అంటే, వండాను, సర్దాను, పార్కుకి వెళ్ళాను అని చెప్పేదాన్ని. నాకు పని రాకపోవడం కాదు, నాకు పని వచ్చని చెప్పడానికి ఎక్కడా ఒక వరుస లేదు.

వచ్చేటప్పుడు మా తమ్ముడు తన పాత లాప్‌టాప్ ఇచ్చాడు, 32 బిట్ల చిప్‌ది. అప్పటికే దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. చదివింది మర్చిపోకూడదని దాని మీద లైనక్స్ వేసుకుని పోస్ట్‌గ్రెస్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. పాత పుస్తకాల్లో ఈ పట్టికలు అప్పుడే కంటపడ్డాయి. తేదీ, పేరు, తేదీ, పేరు. వాళ్ళందరూ కోడ్ రాసినవాళ్ళు కాదు. "నా దగ్గర ఉన్నదాని మీద చూశాను, ఇదీ జరిగింది" అని చెప్పిన వాళ్ళు. టెస్టర్ చేసే పని అదే కదా, నాకు వచ్చిన పని అదే కదా అనిపించింది.

అప్పటికి పద్ధతి మారింది. 2004లో ఆండ్రూ డన్‌స్టన్ అనే ఆయన బిల్డ్ ఫార్మ్ అని ఒకటి మొదలుపెట్టారు. రిలీజ్ ముందు ఒకసారి అడిగి ఊరుకోకుండా, ఎవరి ఇంట్లో, ఎవరి ఆఫీసులో ఉన్న మెషీన్ వాళ్ళు ఏడాది పొడుగునా దానికి కేటాయిస్తారు. ఆ మెషీన్ తనంతట తనే కొత్త కోడ్ తెచ్చుకుంటుంది, కట్టుకుంటుంది, పరీక్షలు నడుపుతుంది, ఫలితం పంపిస్తుంది. పాసైతే పచ్చ రంగు వరుస. ఫెయిలైతే ఎక్కడ, ఏ మార్పు తర్వాత ఫెయిలైందో అందరికీ కనపడుతుంది. చేరాలంటే ఒక ఫారమ్ నింపాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్, ఏ కంపైలర్, మెషీన్ యజమాని ఎవరు.

యజమాని అన్న చోట నా పేరు రాశాను. ఈ దేశం వచ్చాక ఒక ఫారమ్‌లో మొదటి పేరుగా, ఒక్క పేరుగా నా పేరు రాయడం అదే మొదటిసారి.

ఆ ఫార్మ్‌లో మెషీన్లకి జంతువుల పేర్లు పెడతారు. చేపలు, పక్షులు, ఉడుతలు, ఉడుముల్లాంటివి. మనం కోరుకున్న పేరు కాదు, వాళ్ళిచ్చిందే. మాదానికి ఒక పక్షి పేరు వచ్చింది. మా ఆయన మొదట్లో "ఆ పక్షి మేత ఖర్చు నెలకెంత?" అని కరెంటు బిల్లు చూపించి ఏడిపించేవారు. తర్వాత తర్వాత ఆఫీసు నుంచి వస్తూనే "మీ పిట్ట ఇవాళ పచ్చగా ఉందా?" అని అడగడం అలవాటైంది. అమ్మకి మాత్రం ఎంత చెప్పినా ఒకటే ప్రశ్న, "జీతం ఎంతే?" జీతం లేదమ్మా, నా లాప్‌టాప్ మీద నేనే చేసుకుంటున్నాను అంటే, "అయితే అది పనెలా అవుతుంది?" అనేది.

పని ఎలా అవుతుందో మీకు చెప్తాను. ఒక రోజు పొద్దున్నే లేచి చూస్తే నా వరుస ఎర్రగా ఉంది. ముందు రోజు రాత్రి ఎవరో పెట్టిన ఒక మార్పులో ఒక పెద్ద సంఖ్య ఉంది. కొత్త 64 బిట్ల మెషీన్ల మీద సరిపోయింది, 32 బిట్ల చోట పట్టలేదు. కొత్త మెషీన్లన్నీ పచ్చగా ఉన్నాయి. నాదీ, నాలాంటి పాత మెషీన్లు ఇంకో రెండు మూడూ ఎర్రగా ఉన్నాయి. ఆ కోడ్ రాసినాయన, ఏ దేశంలో ఉంటారో కూడా నాకు తెలియదు, నాకు మధ్యాహ్నం అయ్యేలోపల సరిచేశారు. సాయంత్రానికి నా పిట్ట మళ్ళీ పచ్చబడింది. ఆ పాత మెషీన్లు లేకపోతే ఆ తప్పు రిలీజ్‌లోకి వెళ్ళిపోయేది. ఏ చిన్న ఊళ్ళోనో పాత కంప్యూటర్ మీద లెక్కలు పెట్టుకునే వాళ్ళ దగ్గర బయటపడేది.

అందుకే నేనంటాను, ఫెయిలైన రిపోర్టు పాసైన రిపోర్టుకి ఏమాత్రం తీసిపోదు. చూడకుండా "బాగుంది" అనడమే అన్నిటికంటే చెరుపు. మనం మొహమాటానికి అందరి వంటా బాగుందనే రకం కదా! ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏ రోజు, ఏం చేస్తే ఏం జరిగింది, ఈ నాలుగూ ఉంటేనే అది రిపోర్టు. "నాకు రాలేదండీ" అని ఒక్క ముక్క రాస్తే అవతలి మనిషి చేయగలిగింది ఏమీ లేదు.

ప్లాట్‌ఫామ్ మారితే నిజంగా అంత తేడా వస్తుందా అంటారేమో. మన భాషలోనే ఒక ఉదాహరణ చెప్తాను. ఇద్దరు పిల్లల పేర్లున్నాయి, కవిత, కళ. అక్షరక్రమంలో ముందు ఎవరు? బళ్ళో మనం చదివింది య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. వ ముందు, ళ చివర్లో. కాబట్టి కవిత ముందు. కానీ యూనికోడ్‌లో అక్షరాలకిచ్చిన సంఖ్యల్లో ళ వచ్చి ల పక్కన, వ కంటే ముందు కూర్చుంది. ఉత్త సంఖ్యల వరుసలో పేరిస్తే కళ ముందొస్తుంది. డేటాబేస్‌కి ఏ వరుస వాడమని చెప్పాం, ఆ వరుస కోసం అది కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతోందా, ఇంకో లైబ్రరీని అడుగుతోందా అన్నదాని మీద జవాబు ఆధారపడుతుంది.

ఇదేదో తెలుగు వాళ్ళ ముచ్చట అని కొట్టిపారేయకండి. 2018 ఆగస్టులో లైనక్స్‌లో ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2.28 వెర్షన్ వచ్చింది. అందులో అక్షరాల వరుస నియమాలు చాలా మారాయి. చిట్టా పుస్తకం పాత వరుసలో సర్ది ఉంది, వెతికేది కొత్త వరుసలో. ఫలితం, ఉన్న పేరు దొరకదు. దొరకలేదు కాబట్టి లేదనుకుని అదే పేరు రెండోసారి రాసుకుంటుంది. డేటాబేస్ మారలేదు, కింద నేల మారింది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన వాళ్ళు ఆ సూచికలన్నీ మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కడ చూశావు, దేని మీద చూశావు అని పట్టిక అంత పట్టుబట్టి అడిగేది ఇందుకే.

మళ్ళీ నా సంగతికి వస్తాను. 2015 మే 26 నుంచి హెచ్-4 వాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకునే కార్డు ఇవ్వడం మొదలైంది. భర్తకి ఐ-140 అప్రూవ్ అయి ఉండటమో, ఆరేళ్ళు దాటి హెచ్-1 పొడిగింపు రావడమో ఉండాలి. నా కార్డు 2016లో వచ్చింది. రెజ్యూమె తీస్తే 2009 తర్వాత ఖాళీ. ఒక కంపెనీ వాళ్ళు ఫోన్‌లోనే "ఏడేళ్ళ గ్యాప్ కదండీ" అని పెట్టేశారు. ఇంకో చోట ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను. "ఈ ఏడేళ్ళు ఏం చేశారు?" అని అడిగితే నా పిట్ట పేజీ తెరిచి చూపించాను. తేదీల వారీగా వందల వరుసలు. ఆయన పచ్చ వరుసలు చూడలేదు. ఎర్ర వరుసలు ఏరి "ఇది ఎందుకు ఫెయిలైంది? ఇక్కడ మీరేం చేశారు?" అని ఒక్కొక్కటీ అడిగారు. ముప్పావుగంట అలా మాట్లాడుకున్నాం. ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత ఏడాది ఆ కార్డులే రద్దు చేస్తామన్నారు. 2021 జనవరిలో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకునేదాకా మనందరం ఎన్ని రాత్రులు నిద్ర పోలేదో మీకూ తెలుసు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ మూడేళ్ళూ, నా చేతిలో ఉన్నదాన్ని బట్టి కాక, ఎవరో ఎక్కడో రాసేదాన్ని బట్టి నడిచిన ఆ మూడేళ్ళూ పిట్ట మాత్రం రోజూ తన వరుస తను రాసుకుంటూనే ఉంది. ఆ వరుస రాయడానికి ఏ కార్డూ అడగలేదు.

ఇదంతా సుఖాంతంలా ముగించడం నాకిష్టం లేదు, ఎందుకంటే జాబితా ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ పుస్తకంలో ఆ పేర్ల పట్టిక లేదు. సపోర్ట్ ఉన్నట్టు ఎప్పుడు లెక్క అంటే, కోడ్‌లో దానికి చోటుండాలి, ఈ మధ్యకాలంలో దాని మీద కట్టి పరీక్షలు పాసైనట్టు తేలాలి అని మాత్రం రాస్తారు. "ఈ మధ్యకాలంలో" అన్న మాట గమనించండి. ఎప్పుడో పదేళ్ళ కిందట నడిచింది అంటే చాలదు. 2023లో వచ్చిన 16 రిలీజ్‌లో హెచ్‌పీ-యూఎక్స్‌నీ, ఇటానియం చిప్‌నీ తీసేశారు. 2024లో వచ్చిన 17లో ఐబీఎం వారి ఏఐఎక్స్‌ని తీసేశారు. ఒకప్పుడు పెద్ద పెద్ద బ్యాంకుల్లో వెలిగిన సిస్టమ్‌లవి. పేరు ఎంత పెద్దదైనా, దాన్ని రోజూ చూసి, చెడితే బాగుచేసే మనుషులు ఉండాలి. నా 32 బిట్ల పిట్టకీ ఆ రోజు వస్తుంది. వచ్చినప్పుడు ఆపేస్తాను, దిగులేం లేదు. కానీ చూసేవాళ్ళు లేక జాబితాలోంచి పోవడం వేరు, చూసి చూసి ఇక చాలని పోవడం వేరు.

మీలో కంప్యూటర్ చదువుకుని, ప్రస్తుతం ఏ కారణం చేతో ఇంట్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఉద్యోగం మానేసిన వాళ్ళు, పిల్లల కోసం ఆగినవాళ్ళు, కార్డు కోసం చూస్తున్నవాళ్ళు. కోడ్ రాయడం భయమైతే రాయకండి. ప్రతి ఏడాదీ వేసవి మొదట్లో కొత్త రిలీజ్ బీటా వస్తుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో అసలుది వస్తుంది. ఆ మధ్యలో మీ దగ్గరున్న మెషీన్ మీద కట్టి చూడండి. పాసైతే పాసైందనీ, లేకపోతే ఎక్కడ ఆగిందో అదీ రాయండి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే నాకు మెసేజ్ చేయండి, ఆదివారాలు ఖాళీగానే ఉంటాను.

కంప్యూటర్‌తో సంబంధం లేని వాళ్ళకి కూడా ఒక పనుంది. మన గ్రూపులో తెలుగు మాట్లాడే డాక్టర్ల జాబితా ఒకటి తిరుగుతోంది కదా. మొన్న ఒక చెల్లెలు నొప్పులు మొదలయ్యాయని అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే, ఆ డాక్టరు గారు అక్కడ మానేసి చాలాకాలమైందని చెప్పారట. జాబితా రాసినవాళ్ళ తప్పు కాదు, రాసినప్పుడు అది నిజమే. అందుకని ఈ వారం నేను దానికి రెండు గడులు కలిపాను. ఒకటి, చివరిసారి ఎప్పుడు చూశారు. రెండు, ఎవరు చూశారు. ఏడాది దాటినవాటిని చెరిపేయలేదు, కింద వేరే పట్టికలో పెట్టాను, ఎవరైనా కనుక్కుంటే మళ్ళీ పైకి వస్తాయి. పైన ఇప్పటికి నాలుగే పేర్లున్నాయి. మీరు ఈ నెలలో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, వచ్చాక తేదీ వేసి, మీ పేరు మీరే రాయండి.